రెడ్డి హాస్టల్‌కు ఓరుగల్లు అభినందన

హైదరాబాద్ బొగ్గులకుంటలోని రెడ్డి హాస్టల్‌కు మరో ఏడు నిండింది. 1918లో వెలిసిన ఇల్లు అది. నూరేళ్లు ఎప్పుడో దాటాయి, ఆ పై ఏళ్లు నడుస్తున్నాయి. ఊళ్లలో బడి అరుదైన కాలంలో, బడి ఉన్నా అందులో తెలుగుకు చోటు దొరకని కాలంలో పల్లె పిల్లలకు పట్నంలో ఇంత నీడ, ఇంత అన్నం, చేతికో పుస్తకం అందించిన సంస్థ. వార్షికోత్సవం జరుపుకుంటున్న ఆ ఇంటికి, అందులో ఉంటున్న విద్యార్థులకు, దాన్ని నడిపిస్తున్న పెద్దలకు వరంగల్ నుంచి మనసారా శుభాకాంక్షలు.

హైదరాబాద్ హాస్టల్‌కు వరంగల్ నుంచి అభినందన ఏమిటని ఎవరైనా అడగవచ్చు. మాకు ఆ హాస్టల్‌తో పాత బంధుత్వం ఉంది. అది కట్టేటప్పుడు చెయ్యేసిన వాళ్లలో మా హనుమకొండ పక్క వడ్డేపల్లి వాళ్లున్నారు. అందులో ఉండి చదువుకున్న పిల్లల్లో కాజీపేటలో రైలెక్కి వెళ్లిన వాళ్లున్నారు. ఆ గోడల మధ్య పుట్టిన ఒక సాహిత్య సంస్థ మొదటి పండుగ చేసుకోవడానికి మా కోటకే వచ్చింది. చుట్టాలింటి శుభకార్యానికి నాలుగు మంచి మాటలు చెప్పడం మా బాధ్యత.

1918 నాటి సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి. నిజాం రాజ్యంలో పైచదువు అంటే హైదరాబాదే. బషీర్‌బాగ్‌లో నిజాం కాలేజీ ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం సరిగ్గా ఆ ఏడే మొదలైంది. తొలి ఏళ్లలో ఇప్పటి ఆర్ట్స్ కాలేజీ భవనం లేదు, గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె బంగళాల్లో తరగతులు నడిచేవి. ఉస్మానియాలో చదువంతా ఉర్దూలో. వరంగల్‌కు ఇంటర్మీడియట్ కాలేజీ 1927లో గానీ రాలేదు. ఈనాటి సుబేదారి ఆర్ట్స్ కాలేజీకి మూలం అదే. అంతవరకు ఈ జిల్లా కుర్రవాడు మెట్రిక్ దాటి చదవాలంటే ట్రంకుపెట్టె సర్దుకుని రైలెక్కడం తప్ప దారి లేదు.

రైలెక్కడం ఒక ఎత్తు, దిగాక ఎక్కడ ఉండాలన్నది మరో ఎత్తు. పట్నంలో చుట్టాలుంటే సరి. లేకపోతే అద్దె గది వెతకాలి, వండుకోవాలి, జబ్బు చేస్తే చూసే దిక్కుండదు. చదువు మీద ఎంత ఆశ ఉన్నా ఆ ఒక్క బెంగతోనే కొడుకులను ఊళ్లో ఆపేసిన తల్లిదండ్రులు ఎందరో. ఫీజు కన్నా పూటకూడే పెద్ద అడ్డంకి. ఈ చిక్కును సూటిగా పట్టుకుని విప్పినవారు రాజా బహద్దూర్ వెంకట్రామిరెడ్డి.

ఆయన 1869లో వనపర్తి సంస్థానం ప్రాంతంలోని రాయణిపేటలో పుట్టారు. పోలీసు శాఖలో అమీనుగా చేరి, మెట్టు మెట్టు ఎక్కి 1920లో హైదరాబాద్ నగర కోత్వాల్ అయ్యారు. నిజాం ఏలుబడిలో ఆ కుర్చీలో కూర్చున్న తొలి హిందువు ఆయనే. 1934 దాకా పద్నాలుగేళ్లు నగరాన్ని కాపాడారు. హాస్టల్ పెట్టే నాటికి ఇంకా కోత్వాల్ కాలేదు. కానీ ఆయన మాటకు అప్పటికే బరువుంది. ఆ బరువును తన కోసం వాడుకోలేదు, సంస్థానాధీశుల ముందు, దేశ్‌ముఖుల ముందు చదువు కోసం చెయ్యి చాపడానికి వాడారు. వనపర్తి, గద్వాల వంటి సంస్థానాలు విరాళాలిచ్చాయి. వడ్డేపల్లి పింగళి వారి ఇంటి నుంచి పింగళి వెంకట్రామారెడ్డి తోడు నిలిచారు. ఇవాళ మా వడ్డేపల్లిలో వందల మంది ఆడపిల్లలు చదువుకుంటున్న ప్రభుత్వ మహిళా కళాశాలకు పింగళి వారి పేరే ఉంది. ఇచ్చే అలవాటు ఉన్న ఇల్లు ఒక్క చోట ఇచ్చి ఊరుకోదు.

పేరు ఒక కులానిదే, దాచనక్కరలేదు. ఆ రోజుల్లో విరాళాలు అడగడానికి, ఇవ్వడానికి కుల బంధం ఒక దారి. కానీ తెలంగాణ జ్ఞాపకంలో ఈ హాస్టల్‌కు ఉన్న చోటు ఆ పేరుకు లోబడలేదు. ఇతర కులాల పిల్లలకూ అక్కడ చోటు దొరికింది. అంతకు మించి, ఆ హాస్టల్ తన చుట్టూ ఉన్న బస్తీకి ఏమిచ్చిందన్నది చూస్తే దాని గొప్పతనం తెలుస్తుంది. ఈ అభినందనకు అసలు కారణం అదే.

హాస్టల్ ఉన్న వీధి మిగతా వీధుల్లా ఉండదు. తెల్లవారకముందే పాలవాడి సైకిల్ వస్తుంది. ధోబీకి వారం వారం మూట, మంగలి దుకాణానికి ఆదివారం రద్దీ. ఇరానీ హోటల్లో ఒక్క చాయ్ ఇద్దరు పంచుకుని గంటల తరబడి వాదించుకుంటుంటే యజమాని ఏమీ అనడు. నెలాఖరున అప్పు పద్దు రాసుకుని ఒకటో తారీఖు దాకా ఆగే కిరాణా కొట్టు ఒకటి ఉంటుంది. మనియార్డర్ల కాలంలో కుర్రవాళ్లకు అది ఆలస్యమైందని ఆ వీధి మొత్తానికి తెలిసిపోయేది. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడిని పట్నం మనిషిగా చేసేది కాలేజీ ఒక్కటే కాదు, ఈ వీధి కూడా. బొగ్గులకుంట, రాంకోఠి, హనుమాన్ టేకిడీ బస్తీలు వందేళ్లుగా ఆ పని చేస్తున్నాయి. రెడ్డి హాస్టల్‌ను అభినందిస్తే ఆ బస్తీలనూ అభినందించినట్టే.

ఆ చోటు చాలా కలిసొచ్చిన చోటు. ఒక పక్క నాలుగడుగుల్లో కింగ్‌కోఠి, సాక్షాత్తూ ఏడో నిజాం నివాసం. మరో పక్క కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ. రెసిడెన్సీ బజార్లు 1933 దాకా బ్రిటిష్ అధికారం కింద ఉండేవి, అందువల్ల అక్కడి సుల్తాన్ బజారులో కాస్త ఊపిరి సలిపేది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టిందీ ఆ చుట్టుపక్కలే. మా హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం పుట్టింది ఆ తర్వాత మూడేళ్లకు, 1904లో. నారాయణగూడలో 1928లో మాడపాటి హనుమంతరావు గారు ఆంధ్ర బాలికల పాఠశాల పెట్టారు. నిజాం ప్రభుత్వం తెలుగు మాధ్యమానికి గుర్తింపు ఇవ్వకపోతే పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయంతో ముడిపెట్టి నడిపారు. ఇలా ఒక గ్రంథాలయం, ఒక హాస్టల్, ఒక ఆడపిల్లల బడి, వీటి మధ్య కాలినడకన తిరిగే దూరం. సుల్తాన్ బజారు నుంచి నారాయణగూడ దాకా తెలుగు మాట తలెత్తుకుని నడిచిందంటే ఈ సంస్థలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నిలబడటం వల్లనే.

ఈ మాటకు రుజువు సురవరం ప్రతాపరెడ్డి. మద్రాసులో బి.ఏ., బి.ఎల్. చదివి వచ్చిన యువకుడిని కోత్వాల్ గారు హాస్టల్ బాధ్యతలోకి తెచ్చారు. సురవరం వారు దాదాపు పదేళ్లు కార్యదర్శిగా ఉన్నారు. హాస్టల్ కార్యదర్శి పని అంటే చాలామంది బియ్యం లెక్క, కూరగాయల లెక్క అనుకుంటారు. ఆ లెక్కలూ చూశారు. కానీ ఆయన పెట్టిన అసలు వంట గ్రంథాలయం. వేల పుస్తకాలు పోగుచేశారు. ఉర్దూలో చదివి, ఉర్దూలో పరీక్ష రాసి వచ్చిన పిల్లవాడి ముందు సాయంత్రం తెలుగు ప్రబంధాన్నీ, తెలుగు పత్రికనూ పెట్టారు. పగలు పోగొట్టుకున్న భాషను రాత్రి తిరిగి ఇచ్చారు.

హాస్టల్ పని చూస్తున్న ఆ రోజుల్లోనే, 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. అప్పట్లో సభ పెట్టాలంటే అనుమతి కావాలి, పత్రిక పెట్టాలంటే అనుమతి కావాలి, సభలను కట్టడి చేసే గస్తీ నిషాన్ 53 ఉత్తర్వు పేరు చెబితే ఊళ్లలో పెద్దలే వెనకడుగు వేసేవారు. అలాంటి చోట తెలుగు పత్రికను నిలబెట్టడం మాటలు కాదు. నిజాం రాజ్యంలోని తెలుగు వాళ్లంతా కలిసి 1930లో జోగిపేటలో జరుపుకున్న మొదటి ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు. తెలంగాణలో కవులే లేరని ఒకరన్న మాటకు 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేసి బదులిచ్చారు. తర్వాత రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగుకు అదే తొలి అకాడమీ పురస్కారం. అప్పటికి ఆయన లేరు. హాస్టల్ పెట్టిన కోత్వాల్ గారు, హాస్టల్‌ను విద్యాలయంగా మలిచిన సురవరం వారు ఇద్దరూ 1953లోనే, కొద్ది నెలల తేడాతో కన్నుమూశారు.

ఒక్కటి మాత్రం ఆలోచించిన కొద్దీ ఆశ్చర్యమే. హాస్టల్‌కు డబ్బిచ్చింది సంస్థానాలు, దేశ్‌ముఖులు. కాపాడింది నిజాం నమ్మిన కోత్వాల్. కానీ అక్కడ ఉండి చదువుకున్న పిల్లల్లో రావి నారాయణరెడ్డి ఒకరు. నల్గొండ జిల్లా బొల్లేపల్లి నుంచి వచ్చిన ఆ కుర్రవాడు 1930లో చదువు పక్కన పెట్టి ఉప్పు సత్యాగ్రహానికి కాకినాడ వెళ్లారు. తర్వాత హరిజన సేవ చేశారు, ఆంధ్ర మహాసభకు అధ్యక్షులయ్యారు, దొరతనం మీద జరిగిన సాయుధ పోరాటంలో ముందు నిలిచారు, సొంత భూమి పేదలకు పంచారు. 1952 ఎన్నికల్లో నల్గొండ నుంచి దేశమంతా చెప్పుకునే మెజారిటీతో లోక్‌సభకు వెళ్లారు. దొరల సొమ్ముతో వండిన అన్నం తిని దొరతనం మీదే లేచిన మనిషి. పెట్టిన చెయ్యి ఆయన నోరు మూయలేదు. అన్నం పెట్టి ఆలోచనకు సంకెళ్లు వేయకపోవడమే ఆ హాస్టల్ చేసిన అతి పెద్ద దానమని నా నమ్మకం.

ఆడపిల్లల సంగతీ చెప్పుకోవాలి. కోత్వాల్ గారి పట్టుదల మగపిల్లలతో ఆగలేదు, రెడ్డి బాలికల వసతి గృహం కూడా వెలిసింది. ఆలేరు పక్క మంతపురి నుంచి, అంటే మా వరంగల్ రైలు దారిలోని ఊరి నుంచి, ఆరుట్ల కమలాదేవి అక్కడికే వచ్చి ఉన్నారు. పెళ్లయిన పిల్ల, భర్త ప్రోత్సాహంతో మాడపాటి వారి బడిలో చదువుకున్నారు. ఆమె తర్వాత అదే సాయుధ పోరాటంలోకి వెళ్లి, 1952 నుంచి మూడుసార్లు ఆలేరు ఎమ్మెల్యే అయ్యారు. చూడండి, హాస్టల్ ఒకరిది, బడి ఒకరిది. రెండూ కలిస్తే గానీ ఒక కమలాదేవి తయారు కాలేదు. 1954లో నారాయణగూడలో రాజా బహద్దూర్ వెంకట్రామిరెడ్డి పేరు మీద మహిళా కళాశాల వచ్చింది. ఇవాళ్టికీ మా జిల్లా ఆడపిల్లలు అక్కడ డిగ్రీ చదువుతున్నారు.

ఇక మా ఓరుగల్లు వాళ్లం రెడ్డి హాస్టల్ పేరు విన్నప్పుడల్లా తలుచుకునే ఘట్టం ఒకటుంది. 1943 మే 26న ఆ హాస్టల్లోనే నిజాం రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది. రాజకీయం జోలికి పోకుండా తెలుగు భాషా సాహిత్యాల పని చేద్దామని కొందరు పెద్దలు, కొందరు యువకులు కలిసి పెట్టుకున్న సంస్థ. తన భాషలో చదువుకునే హక్కు లేని ప్రజలకు భాష పని చేయడం కూడా పోరాటమే. పరిషత్తు పెట్టిన ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షలు రాసి వేల మంది తెలుగు నేర్చుకున్నారు. బడికి పోని వాళ్లు, బడి మానిన వాళ్లు, ఇంటి పని ముగించుకుని దీపం ముందు కూర్చున్న గృహిణులు ఆ పరీక్షలు రాశారు.

ఆ పరిషత్తు ప్రథమ వార్షికోత్సవం 1944లో మా ఓరుగల్లు కోటలో జరిగింది. కాకతీయుల కీర్తి తోరణాల నడుమ తెలుగు పండుగ. గిట్టని వాళ్లు పందిరికి నిప్పు పెట్టారు. వెదురు బొంగులు, తాటాకులు కాలి బూడిదయ్యాయి. సభ మాత్రం ఆగలేదు. అనుకున్న కవి సమ్మేళనం అనుకున్నట్టే జరిగింది. ఉమ్మడి వరంగల్ జిల్లా చిన గూడూరు బిడ్డ దాశరథి కృష్ణమాచార్య ఆ కవి సమ్మేళనంలో గొంతు విప్పిన వారిలో ఉన్నారు, తర్వాత తన స్మృతుల్లో ఆ సంగతి రాసుకున్నారు కూడా. బొగ్గులకుంటలో నాటిన మొక్కకు మొదటి నిప్పు తగిలింది మా ఊళ్లో, అది తట్టుకుని నిలబడిందీ మా ఊళ్లోనే. అందుకే ఈ హాస్టల్ వార్షికోత్సవం మాకు పరాయి పండుగ కాదు.

ఆ బంధం అక్కడితో తెగలేదు. వరంగల్ దేశాయిపేటలో పుట్టిన దేవులపల్లి రామానుజరావు గారు ఏళ్ల తరబడి పరిషత్తు పని మోశారు. ఇక్కడి నుంచి ‘శోభ’ పత్రిక నడిపిన మనిషి, హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక బాధ్యత చూసిన మనిషి. పరిషత్తుకు సొంత భవనం లేచింది కూడా హాస్టల్ ఉన్న బొగ్గులకుంటలోనే. ఆ హాలులో తెలుగు సభ జరగని నెల ఉండదు. పుట్టిన ఇంటికి పక్కనే కాపురం పెట్టిన బిడ్డను చూసినట్టుంటుంది.

రెడ్డి హాస్టల్ వేసిన బాట మీద మిగతా సంఘాలూ నడిచాయి. కాచిగూడలో వైశ్య హాస్టల్, మున్నూరుకాపు హాస్టల్, హిమాయత్‌నగర్‌లో గౌడ హాస్టల్, ఇంకా ఎన్నో. పల్లె నుంచి వచ్చిన తమ వాళ్ల పిల్లలకు పట్నంలో చోటు చూపాలన్న ఆలోచన కులం కులానికీ పాకింది. రేపు ఈ ఆలోచన కులాలు దాటి పేదరికాన్ని ఒక్కదాన్నే కొలతగా పెట్టుకుంటే ఇంకా సంతోషం. అయినా వందేళ్ల కింద మొదటి ఇటుక పెట్టిన వాళ్లకు దక్కాల్సిన గౌరవం దక్కాలి.

ఇప్పుడు హాస్టల్లో ఉంటున్న తమ్ముళ్లకు ఒక మాట. మీరు పడుకునే గదుల్లో, మెస్సులో, మెట్ల మీద ఎవరెవరు తిరిగారో తెలుసుకోండి. గ్రూప్స్ పరీక్షకు చదివే చరిత్ర పుస్తకంలో వాళ్ల పేర్లు ఎలాగూ వస్తాయి. మీ సురవరం వారి గురించి, మీ రావి నారాయణరెడ్డి గారి గురించి మీరు మిగతా వాళ్లకన్నా ఒక వాక్యం ఎక్కువ రాయగలగాలి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు, ఒక గంట అక్కడ గడపండి. సాయంత్రం పరిషత్తు హాలులో సభ ఉంటే వెనక వరుసలో కూర్చుని వినండి. మీ బస్తీని వాడుకోండి, అది వందేళ్లుగా మీ కోసం సిద్ధంగా ఉంది.

నిర్వాహకులకు అభినందనతో పాటు ఒక విన్నపం. పాత రిజిస్టర్లు, వార్షిక నివేదికలు, ఫోటోలు, సురవరం వారి కాలం నాటి పుస్తకాలు ఎక్కడెక్కడ ఏమున్నాయో పోగుచేసి, స్కాన్ చేయించి పరిశోధకులకు, చుట్టుపక్కల విద్యార్థులకు అందుబాటులో పెట్టండి. తెలంగాణ సాంఘిక చరిత్ర రాసేవాళ్లకు ఆ కాగితాలు బంగారం. వారంలో ఒక్క సాయంత్రమైనా గ్రంథాలయం తలుపు బస్తీ పిల్లలకు తెరిచి ఉంచితే సురవరం వారి పద్ధతి కొనసాగినట్టే.

మా వరంగల్ పెద్దలకూ ఒక మాట చెప్పకుండా ముగించలేను. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాక మన ఊరే ఇప్పుడు చుట్టుపక్కల జిల్లాల పిల్లలకు పట్నం. నయీంనగర్, కిషన్‌పుర, సుబేదారి గల్లీల్లో ఒక్కో గదిలో నలుగురు సర్దుకుని, ఒంటిపూట తిని చదువుకునే పిల్లలున్నారు. ములుగు నుంచి, ఏటూరునాగారం నుంచి, మహబూబాబాద్ తండాల నుంచి వచ్చిన వాళ్లు. 1918లో కాజీపేటలో రైలెక్కిన కుర్రవాడి బెంగ వీళ్లది కూడా. వడ్డేపల్లి నుంచి అప్పుడు హైదరాబాద్‌కు సాయం వెళ్లింది. ఇప్పుడు హనుమకొండలోనే అలాంటి ఇల్లు ఒకటి లేవాలి, కులం అడగని ఇల్లు, గ్రంథాలయం ఉన్న ఇల్లు. స్థలం ఉన్నవాళ్లు స్థలం, డబ్బున్నవాళ్లు డబ్బు, ఏదీ లేనివాళ్లు సాయంత్రం ఒక గంట పాఠం ఇవ్వండి. రెడ్డి హాస్టల్లో చదువుకుని ఈ జిల్లాలో స్థిరపడిన వాళ్లు ఎందరో ఉన్నారు, మొదటి అడుగు మీరే వేయండి.